వెండకాయ నూరు గ్రాములు

మొగుడు అళగిరి జిన్నింగ్ మిల్లులో కళ్లు తిరిగి పడిపోయిన నాటి నుంచి బొమ్మక్కకు ఒకటే భయం, షుగర్ మళ్లీ ఎక్కితే మనిషి దక్కడేమోనని. ఆసుపత్రిలో పథ్యం చెప్పే వెన్నిలా తమిళంలో గబగబా ఏమేమో చెప్పుకుపోయింది. బొమ్మక్క ఒక్క మాట మాత్రం గట్టిగా పట్టుకుంది: పూటకు వెండకాయ నూరు గ్రాములు. తమిళుల ఊళ్లో స్థిరపడ్డ ఆ తెలుగింట్లో బెండకాయను వెండకాయనే అంటారు.

ఇంకేముంది! పొద్దున వెండకాయ, మధ్యాహ్నం వెండకాయ, రాత్రికీ అదే. ఆ జిగురంటే అళగిరికి చిన్నప్పటి నుంచి గిట్టదు. అయినా నోరెత్తకుండా మింగాడు.

బొమ్మక్క చిక్కు వేరే. ఇంట్లో త్రాసు లేదు, బియ్యం కొలిచే ఆళాక్కు గ్లాసు ఒక్కటే ఉంది. నూరు గ్రాములంటే అందులో ఎంతవరకు? ఊహించీ ఊహించీ విసుగొచ్చి, తాను పనిచేసే బ్యాండేజీ గుడ్డల షెడ్డులో కట్టలు తూచే చిన్న త్రాసును, ఓనరమ్మను బతిమాలి సెలవు రోజు ఇంటికి తెచ్చుకుంది.

పచ్చి వెండకాయలు నూరు గ్రాములు తూచి, వేయించి మళ్లీ తూస్తే డెబ్బైకి కాస్త పైన.

"ఓయమ్మ! మిగిలింది ఎవరు తినిరి?"

గరిటె చూసింది, మూకుడు గీకింది. తిన్నది ఆవిరేనని తెలిసి నవ్వొచ్చింది. ఆ వెంటనే అనుమానమొచ్చింది. ఇన్నాళ్లూ పెట్టింది నూరా, డెబ్బయ్యా? ఆసుపత్రికి ఫోన్ చేసి వెన్నిలానే అడిగింది.

"మేడం, ఆ నూరు గ్రాములు పచ్చి వెండకాయా, వేయించినదా?"

 అవతల పకపకా నవ్వు. "వెండైక్కాయ్ ఇల్లమ్మా! వెంద కాయ్!"

తమిళంలో వెండైక్కాయ్ అంటే బెండకాయ, వెంద కాయ్ అంటే ఉడికిన కూరగాయ. బెండకాయే కానక్కర్లేదు, చాలా కూరగాయలు పనికొస్తాయి, తూచవలసింది మాత్రం ఉడికాక. తన చెవిని తానే మెలిపెట్టుకుంది బొమ్మక్క.

సిగ్గు కాసేపే. ఇంట్లో ఉన్న గుమ్మడికాయ, బీన్సు విడివిడిగా ఉడకబెట్టింది. మెత్తబడ్డ గుమ్మడి ఆళాక్కులో సగం దాటేసరికే నూరైంది. బీన్సు అంచు దాకా నింపినా నూరు కాలేదు. ఒకే గ్లాసు, కాయకో లెక్క! ఇదేం వింతోనని ఆమె మళ్లీ మళ్లీ తూస్తుంటే అళగిరి వచ్చి పొయ్యి పక్కన కూర్చున్నాడు.

"మోసం పోయినానయా. ఆ మేడం చెప్పింది వెండకాయ కాదంట. వెంద కాయంట."

"తెలుసు."

"తెలుసా!"

"పక్కనే కూసోని ఉంటి కదా. నాకూ చెవులుండాయి."

బొమ్మక్కకు ఒళ్లు మండింది. "మరి ఆ జిగురంతా ఏల తింటివి?"

అళగిరి ఒక బీన్సు ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. "ఆసుపత్రి నుంచి వచ్చినంక నా మొగం చూస్తే చాలు, ఏడుస్తా ఉంటివి. వెండకాయ తరగను కూసుంటే మాత్రం ఏడుపు మరిచిపోతా ఉంటివి. సరి, తింటే ఏం పోయెనని తింటిని."

బొమ్మక్కకు ఏడుపు తన్నుకొచ్చింది, ఈసారి ఆపుకోలేదు. కళ్లు తుడుచుకోకుండానే గుమ్మడికాయా బీన్సూ రెండూ అతని కంచంలో గుమ్మరించింది. ఆ పూటకు ఎంతయిందో తూచి చూడనే లేదు.