రెండు గంటల పది నిమిషాల్లో చల్లారింది

హలో, వినపడుతోందాండీ? ఈ వాయిస్ మెసేజ్ చివరిదాకా వినండి. నేను భీమవరం పక్క జగపతిరాజుని.

మా రొయ్యల చెరువు లోతు చేయిస్తుంటే పొక్లెయిన్ పళ్లకి కొబ్బరికాయంత నల్ల ఇనుపముద్ద తగిలింది. మా మేనకోడలు భానుశ్రీకి ఫొటో పెట్టాను. ఆ పిల్ల హైదరాబాదులో ఆకాశం నుంచి పడ్డ ఇనుము మీదే రీసెర్చ్ చేస్తోంది.

"మావయ్యా! మూడేళ్లుగా ఇలాంటి దాని కోసమే చూస్తున్నానండి. అది ఎంత నెమ్మదిగా చల్లారిందో తేలిస్తే నా థీసిస్ గట్టెక్కినట్టే. ఆదివారం వస్తాను, జాగ్రత్త!"

ఎనిమిదో తరగతితో ఆగిన బుర్ర నాది. పిల్లకి సాయం చేద్దామని, కమ్మరి చంద్రరావు కొలిమిలో ఆ ముద్దని ఎర్రగా కాల్పించాను. బయటికి తీయగానే ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కాను.

"ఆయ్, ఇదేం పరీక్షండి రాజుగారూ? పెళ్లికూతురు చెయ్యి పట్టుకోడానికి ఎదురుచూసినట్టు కూర్చున్నారు!" అన్నాడు చంద్రరావు.

చెయ్యి ఆనించగలిగేదాకా చూసి, గర్వంగా ఫోన్ చేశాను. "అమ్మలూ, నీ పని నేనే చేసిపెట్టాను. రెండు గంటల పది నిమిషాలు!"



"కాల్చేశారా, మావయ్యా?" "చల్లారింది ఇప్పుడు కాదండి. ఎప్పుడో, చిన్న గ్రహం కడుపులో, పది లక్షల ఏళ్లకి ఏ నాలుగైదు డిగ్రీల చొప్పునో. అలా చల్లారుతుంటే లోపల చారలు కట్టాయి. చార ఎంత వెడల్పైతే అంత నెమ్మది. అవి చెరిగిపోతే నాకింకేం లేదు."

ఆదివారం దాకా అదే ధ్యాస. పిల్ల మూడేళ్ల కష్టం నా చేత్తో కాల్చేశానా?

భానుశ్రీ వచ్చింది. నేరుగా చంద్రరావు కొలిమి దగ్గరికే నడిచింది. వేడెక్కకుండా నీళ్లు పోయిస్తూ ముద్దని సగానికి కోయించి, కోసిన ముఖాన్ని నున్నగా రుద్ది, చారలు కనపడేలా యాసిడ్ పూసింది. అంచు చుట్టూ ఒట్టి బూడిదరంగు. చార అన్నదే లేదు.

"రాజుగారండీ, నడిమిట్లో చూడండి," అన్నాడు చంద్రరావు, నవ్వకుండా.

చాప అల్లికలా ఒక్కొక్క చారా తేలుతోంది. భానుశ్రీ స్కేలు ఆనించింది. "మిల్లీమీటరున్నర," అని ఏడ్చేసింది. "కోట్ల ఏళ్లు కుదురుకున్నది మీ ఒక్క పూట మంటకి పూర్తిగా పోలేదండి. కానీ అంచులో ఏముండేదో ఇక ఎవరికీ తెలియదు, మావయ్యా."

ఆ మాటే నన్ను పట్టుకుంది. మీ చెరువులోనో చేలోనో బరువైన నల్లరాయి దొరికితే నిప్పు దగ్గరికి తీసుకెళ్లకండి. పొక్లెయిన్ తోలేవాళ్లకీ, కొలిమి ఉన్న ప్రతి ఊరికీ ఈ కథ పంపించండి, మీకు పుణ్యముంటుంది.