కోదండం ఆటోలో నిండని సీటు

కోదండం షేర్ ఆటో తిరుపతి బస్టాండు కాడ ఆగిందంటే, సీటు నిండితేగానీ కదలదు. ఒక్క చోటు ఖాళీగా ఉన్నా బండి తీయడు. పెండ్లానికి నొప్పులొచ్చిన రోజు గూడా అలిపిరికి పోయే ఇద్దర్ని ఎక్కించుకునే ఆసుపత్రికి పోయినాడు, మహానుభావుడు!

ఆడోళ్లకు ఫ్రీ బస్సు వచ్చినాక ఆటో నిండడం మానేసింది. అప్పట్నుంచే ఎనక సీటు సాగడం మొదలుపెట్టింది. ముందు జానెడు, తర్వాత బారెడు, ఆ తర్వాత వీధి పొడుగునా. "కోదండం సీటు టీ కొట్టు దాటినట్టుండాదే" అని స్టాండులోవాళ్లు తమ బండ్లు కాస్త పక్కకు జరుపుకున్నారు. ట్రాఫిక్ పోలీసు దాన్ని దాటుకుని పోయేవాడు. ఎక్కిన నలుగురూ సీటు మీదే జరుగుతా జరుగుతా పోయి, పెద్దాసుపత్రి కాడ ఒకరు, యూనివర్సిటీ కాడ ఒకరు దిగేవాళ్లు. ఛార్జీ చేతులు మారి ముందుకొచ్చేది. అందరూ పోవాల్సిన చోటికి పోతా ఉంటే, హ్యాండిల్ పట్టుకున్న కోదండం మాత్రం పొద్దస్తమానం ఆడనే.

ఈలోగా బస్సు డిపోలో డ్రైవర్లను తీసుకుంటామన్నారు. లాడ్జీలో దుప్పట్లు మార్చే పని చేసే పెండ్లాం మునిరత్నమ్మ పోరుపెట్టి అతని పేరు రాయించింది. టెస్టు ఈపొద్దే. కోదండం తలకు పోసుకుని, బొట్టు పెట్టుకుని, నేరుగా వచ్చి స్టాండులో ఆటో పెట్టినాడు. ఎట్లాగూ డిపో దిక్కే పోతా ఉండాం, ఊరికే పోవడం దేనికి, ఒక లోడు ఏసుకుని పోదామని.

పనికి పోతా ఉన్న మునిరత్నమ్మ బస్సులోంచి చూసి, గబగబా దిగొచ్చింది.

"ఏమయ్యా, ఇంకా ఈడే ఉండావా? ఆడ పేర్లు పిలస్తా ఉంటారు గదా!"

"ఒక్క టికెట్టు తక్కువ మే. నిండినాక ఎగిరిపోతా."

"ఇది నిండేదేనా? ఈ తూరి పోతే మళ్లీ పిలవరు. నువ్వీడనే ముసిలోడివైపోతావు!" అని ఏడ్చేసింది.

కోదండానికి భయమేసింది. బండి తీయబోయినాడు. చెయ్యి రాలేదు. గొలుసేసి కట్టేసినట్టు బిగుసుకుపోయింది. తన మీద తనకే అసహ్యం పుట్టింది.

అంతలో సీటు ఆ చివర, డిపో గేటు కాడ, అతని పేరు పిలిచినారు. అక్కడ కూర్చున్నాయన విని పక్కాయనకు చెప్పినాడు, ఆయన ఇవతలాయనకు. "కోదండం అంట... కోదండం అంట..." ఆ మాట బస్టాండు దాకా వచ్చింది.

"ఎక్కు ఎనక!" మునిరత్నమ్మ రెక్క పట్టి లాగింది.

కోదండం ఏనాడూ తన ఆటోలో ఎనక కూర్చోలేదు. బిక్కుబిక్కుమంటా ఎక్కినాడు. ఊళ్లో వీధులన్నీ పక్కనుంచి పోతా ఉంటే, జరిగి జరిగి డిపో గేటు కాడ దిగినాడు.

టెస్టు పెట్టే ఆఫీసరు మునిప్రసాద్ అతన్ని ఒక బస్సెక్కించి, పక్కన నిలబడినాడు. "పోనీప్పా."

కోదండం అద్దంలో చూసినాడు. వరస వరసనా ఖాళీ సీట్లు. క్లచ్చి తొక్కిపట్టినాడు.

"సార్... ఎవురూ ఎక్కలేదు సార్."

"ఎక్కకపోతే ఏమప్పా? బస్సు ఎవురి కోసరమూ కాసుకోదు. టైమైంది, తియ్యి."

అట్లాంటి మాట అతనితో ఎవరూ, ఎన్నడూ అనలేదు. కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. ముక్కు చీదుకుని, గేరేసి, మెల్లగా కాలు వదిలినాడు.

ఖాళీ బస్సు గేటు దాటి రోడ్డెక్కింది.