తలలేని పాము

మా కదిరి అచ్చాఫీసులో నాయన ఏళ్ల తరబడి వైకుంఠపాళి పటాలు అచ్చేశాడు. తిరునాళ్లలో వేలకొద్దీ అమ్ముడుపోయేవి. నాకు తెలిసి అన్నిటిలోనూ ఒకటే తప్పు. వైకుంఠానికి ముందు గడిలో నోరు తెరుచుకుని ఉండాల్సిన పెద్దపాముకు తల లేదు. తోక ఉంది, ఒళ్లు ఉంది, మెడ దగ్గర తెల్లగా ఖాళీ. కదిరి పటం కొంటే పాపాత్ములకూ వైకుంఠమేనని ధర్మవరం దాకా ఎగతాళి. నాయన మారు మాట్లాడేవాడు కాదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. పటం కూడా సరిగ్గా అచ్చేయలేని మనిషికి అచ్చాఫీసెందుకని లోలోపల తిట్టుకునేదాన్ని.

ఇప్పుడు బెంగళూరులో అభిలాష్ అనే అతను పాత ఆటల పటాలను, అచ్చేసినవాళ్ల పేర్లతో సహా, మళ్లీ ప్రచురిస్తున్నాడు. మా పటమూ అడిగాడు. నాయన ఇప్పుడు లేకపోయినా ఆయన పేరు పదిమంది చూస్తారు, తప్పుతో ఎందుకు పంపాలి? కంప్యూటరు ముందు కూర్చుని ఆ పాముకు నేనే తల గీశాను. కోరలు కూడా పెట్టాను. ప్రూఫు తీసి, నాయన దగ్గర ట్రెడిల్ మిషను తొక్కిన సోమప్పకు చూపించాను. ఆయనకు ఎనభై దాటాయి.

కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఈ తల ఎవురు పెట్టినారు పాపా?"

"నేనేన్నా. నాయన తప్పు దిద్దినా."

"తప్పు యాడిది? అచ్చేసే బ్లాకు మింద తల ఉన్నింది. మీ నాయనే ఆకురాయితో అరగదీసినాడు."

ఎందుకని అడిగాను. సోమప్ప కాగితం పక్కన పెట్టాడు.

"మీయమ్మ పోయినప్పుడు నీకు ఆరేండ్లు. అమ్మ వైకుంఠానికి పోయిందని చెప్పినాం. నువ్వు దినామూ పటం పరిచి, గవ్వలేసి, ఆడికే పోతా అంటాంటివి. పైదాకా పోతావు, పెద్దపాము మింగుతాది, మళ్లా కిందికి. ఏడ్చి ఏడ్చి జరం తెచ్చుకుంటివి. ఒకదినం మీ నాయన ఆ తల తీసేసి, కొత్త పటం అచ్చేసి, నీ ముందర పరిచినాడు."

నాకు ఇవేవీ గుర్తు లేవు.

"గెలిచినానా?"

"గెలిచినావు. గెలిచి, అమ్మ యాడుండాది అని అడిగినావు. మీ నాయన లేసి బయటికి పోయినాడు."

ఇన్నేళ్లూ ఆయన్ను చేతగానివాడనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. నేను గీసిన తల చెరిపేసి, పటం పంపించాను.

మర్నాడు అభిలాష్ ఫోన్ చేశాడు. "అక్కా, పెద్దపాము తల పడలేదు. కింద అచ్చుతప్పు అని వేద్దామా?"

"వద్దప్పా. మా నాయన పేరు వెయ్యి, చాలు."