కోళ్లగూటి తలుపు

మా కోళ్లగూటి తలుపు ఆస్ట్రాండర్ కారుది. ఆ కార్ల ఫ్యాక్టరీ మూసేసి సామాను వేలం వేసినప్పుడు మా నాన్న కొనుక్కొచ్చి, దానికి సరిపడా గూటికి చట్రం కట్టాడు. ఇరవై నాలుగేళ్లు వానకు తడిసినా ఒక్క వేలితో నెడితే మెత్తగా మూసుకునేది. ఎలాగో నాకు అంతుబట్టేది కాదు.

మా ఇండియానాలో ఆ ఫ్యాక్టరీ ఒకప్పుడు తొంభై ఇళ్లకు కూడు పెట్టింది. సినిమావాళ్లు, బ్యాంకుల యజమానులు ఏడాది ముందే చెప్పి కారు చేయించుకునేవారు. ఏ కారు తలుపు ఆ కారుకే; తోలు కింద కర్ర మీద ఆ కారు నంబరు చెక్కేవారు. అంచుకు నీలం సుద్ద రాసి మూసి, ఎక్కువ అంటుకున్న చోట చిత్రిక పట్టేవారు. తలుపుకు రెండు రోజులు. కొనేవాళ్లు కరువయ్యాక కూడా ఆ రెండు రోజులు తగ్గించలేదు. అలాగే మునిగారు.

డోర్సీ క్లింగర్ అక్కడ తలుపులు బిగించేవాడు. ఆఖరి కారు తలుపు కొనేవాడి ఎదుటే మూసుకోలేదు. ఆ రోజే డోర్సీని పనిలోంచి పంపేశారు. హడావుడిలో ఎవరో తలుపు మార్చారని, లోపలి తోలు విప్పి నంబరు చూడమన్నా మేనేజరు ఒప్పుకోలేదని ఆయన ఇప్పటికీ మంగలి షాపులో చెబుతాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను.

మొన్న వసంతంలో మా పక్క పొలం లీలాండ్ స్ట్రౌస్ ఆ ఆఖరి కారునే ఎవరి కొట్టంలోనో చూసి కొన్నాడు. నేను చూడబోతే, డ్రైవరు వైపు తలుపు మూసుకోక తాడు కట్టి ఉంది. ఇంటికొచ్చి మా గూటి తలుపు తోలు విప్పాను. కర్ర మీద 211 అని చెక్కి ఉంది. లీలాండ్ కారు నంబరు 211. దానికున్న తలుపు మీద 209. ఆ 209 కారు అసలు పూర్తే కాలేదట.

డోర్సీని పిలిచాం. గూటి తలుపు బరువు నేను పట్టుకుంటే ఆయన దాన్ని కారుకు బిగించాడు. అంచుకు సుద్ద రాసి, వేలితో నెట్టి, మళ్లీ తెరిచాడు. చట్రం చుట్టూ నీలం సమంగా పడింది. అడుగున మాత్రం, గూటి తడికి కర్ర ఉబ్బిన చోట, మందంగా ఉంది.

"అడుగున ఉన్నది నీ కోళ్ల పనోయ్," అన్నాడు నాతో. "మిగతాది నాది."

"ఇన్నాళ్లూ నీ సాక్ష్యం మీద కోళ్లు కూర్చున్నాయన్నమాట పెద్దాయనా," అన్నాడు లీలాండ్.

డోర్సీ నవ్వలేదు. ఇంకోసారి మూసి, ఆ చప్పుడు విన్నాడు. చేతి సుద్ద ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"మంగలి షాపు తెరిచే ఉంటుందా?"

శనివారం కదా, ఉంటుందన్నాను. నా ట్రక్కులోనే తీసుకెళ్లాను.

209 తలుపు మా గూటికి పెట్టాను. మూసుకోదు. తాడు కట్టాను.