మేడమీద వాళ్ళ రికార్డు

రేడియో స్టేషన్లో రికార్డుల గది చూసుకునే ఆయన్ని అందరూ బీరువా గారు అనేవాళ్ళు. ఎదురుగా కాదు, చాటుగా. అడిగింది తీసి చేతిలో పెడతాడు, మళ్ళీ మూసుకుపోతాడు అని ఆ పేరు పెట్టిన అనౌన్సరు ఎప్పుడో రిటైరై వెళ్ళిపోయింది గానీ, పేరు మాత్రం ఉండిపోయింది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఒకసారి టీ దగ్గర ఎవరో నోరు జారి ముఖం మీదే అనేస్తే, "పోనీలెండి, చెదలు పట్టని బీరువానే కదా" అన్నాడట. ముప్పై అయిదేళ్ళ ఉద్యోగంలో ఆయన వేసిన హాస్యం అదొక్కటేనని స్టేషన్లో చెప్పుకుంటారు.

ఆయనకి యాభై తొమ్మిదేళ్ళు. రెండుసార్లు పెళ్ళి కుదిరినట్టే కుదిరి తప్పిపోయింది. ఆ తర్వాత అమ్మ మంచాన పడింది. ఆమెను చూసుకోవడంలో ఇక ఆ ఊసే ఎవరూ ఎత్తలేదు. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఒక మనిషికి ఎంత వండాలో ఇప్పటికీ చేతికి రాలేదు. ఎసట్లో ఎప్పుడూ ఒక గుప్పెడు బియ్యం ఎక్కువే పడేవి.

రిటైర్మెంటు నాలుగు నెలలుందనగా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గదిలోని రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి. అదీ, ఒక్కసారైనా ప్రసారమైనవే. పాటలు ఎంపిక చేసే కమిటీ కాదన్నవాటిని పాత సామాను కింద తీసేయాలి. ఆ తర్వాత గదిని వేరే విభాగానికి అప్పగించాలి.

కమిటీ కాదన్నవి గది చివర, కింది అరలో ఉండేవి. వాటిని ఎవరూ అడిగేవారు కాదు, ఆయనా ముట్టుకునేవాడు కాదు. పారేసే ముందు ఒక్కోటీ ఒకసారి వింటే ఏం పోయిందనిపించింది. ప్లేయరు ఎలాగూ బల్ల మీదే ఉంది, ఇంటి దగ్గర ఆయన కోసం ఎదురుచూసే మనిషి లేదు.

ఎక్కువగా ఆ ఊరి కుర్రకారు కట్టిన బ్యాండ్లే. ఎక్కడో విన్న గిటారు పాటలు తమకీ వచ్చని ఒకప్పుడు వీధికొక బృందం తయారైంది. చందాలు పోగేసుకుని ఒక్క రికార్డు వేయించి, రేడియోకి పంపి, ఆ తర్వాత ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయినవాళ్ళు. ఒక బ్యాండులో పాడేవాడికి ఆ రోజు జలుబు చేసినట్టుంది. ఇంకొకదానిలో పాట మధ్యలో కుక్క అరిచింది. వాళ్ళు పాట ఆపలేదు, కుక్కా ఆపలేదు. ఆయన ఒక్కడే కూర్చుని నవ్వుకున్నాడు. నవ్విన చప్పుడు ఆ గదిలో ఆయనకే కొత్తగా వినబడింది.

మూడో రోజు మధ్యాహ్నం ఒక చిన్న రికార్డు చేతికొచ్చింది. ముతక కాగితం అట్ట మీద నీలం సిరాతో అచ్చు. పిట్టగోడ మీద వరసగా కూర్చున్న నలుగురి నీడలు, వాటి కింద బ్యాండు పేరు: మేడమీద వాళ్ళు. వెనక ఒక ప్రెస్సు చిరునామా.

ముల్లు ఆనించగానే కాసేపు బరబర. ఎవరో గుసగుసగా ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టారు. డ్రమ్ము తొందరపడి ముందే మొదలైంది, గిటారు పరుగెత్తి దాన్ని అందుకుంది. అప్పుడొక అమ్మాయి గొంతు వచ్చింది. పెద్ద గొంతేం కాదు. పక్క గదిలో ఎవరైనా నిద్రలేస్తారేమోనని మెల్లగా పాడుతున్నట్టుంది.

మెట్ల మీద దీపం ఆర్పకు,
నేను రావచ్చు, రాకపోవచ్చు.

ఆయన ఆ పాట నాలుగుసార్లు విన్నాడు. క్యారేజీ విప్పడం మర్చిపోయాడు. అమ్మ ఉన్న రోజుల్లో, ఆయన ఎంత ఆలస్యంగా వెళ్ళినా, మెట్ల దగ్గర బల్బు వెలుగుతూ ఉండేది. ఇప్పుడు ఆయన వెళ్ళి వేస్తేనే వెలుగు.

ఇంత పాటని ఎవరు కాదన్నారో చూద్దామని పాత రిజిస్టరు దించాడు. దుమ్ము దులిపి, నంబరు వెతికి, ఆ వరస మీద వేలు పెట్టి ఆగిపోయాడు. "గొంతులో పరిణతి లేదు. ప్రసారానికి పనికిరాదు." ఆ రాత ఆయనదే. ఆ వాక్యమే కిందా మీదా కలిపి పదకొండుసార్లు ఉంది.

అప్పుడంతా గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు. కమిటీలో ముగ్గురుండాలి, ఆ రోజు ఇద్దరు రాలేదు. వచ్చిన ఆఫీసరు పన్ను నొప్పితో బుగ్గ పట్టుకుని కూర్చున్నాడు. పదకొండు రికార్డులు దొంతిగా పెట్టి ఉంటే, ఇవన్నీ ఒకే గోల, ఇలా రాసెయ్యి అని వాక్యం చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఈయన రాశాడు. రాసి, పదకొండు ఉత్తరాలు టైపు చేసి, ఆఫీసరు తరఫున సంతకం కూడా పెట్టాడు. ఒక్క కొట్టివేత లేకుండా టైపు చేశానని ఆ సాయంత్రం అమ్మతో గొప్పగా చెప్పుకున్నాడు. ఒక్క రికార్డు కూడా వినలేదు.

మర్నాడు సెలవు పెట్టాడు. రికార్డు సంచిలో పెట్టుకుని అట్ట మీది చిరునామా వెతుక్కుంటూ వెళ్ళాడు. ప్రెస్సు ఇంకా ఉంది. ఇప్పుడు బిల్లు పుస్తకాలూ విజిటింగ్ కార్డులూ వేస్తున్నారు. యజమాని చేతులకు అంటిన సిరా తుడుచుకుంటూ, ఈ మేడ మీదే వాయిస్తుంటే మా నాన్న కర్రతో కప్పు కింద పొడిచేవాడండీ, వాళ్ళేమో అది కూడా తాళమే అనుకునేవాళ్ళు అని చెప్పాడు. గిటారు వాయించినాయన రెండు వీధుల అవతల కళ్ళజోళ్ళ షాపు పెట్టుకున్నాడని దారి చూపించాడు.

కళ్ళజోళ్ళాయన ఈయన్ని చూడగానే కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఈయన బుద్ధిగా చదువుతూ పోయాడు. నాలుగో వరస దగ్గర ఆపి, సంచిలోంచి రికార్డు తీసి ఇచ్చాడు.

కళ్ళజోళ్ళాయన తన అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. తర్వాత చాలాసేపు చెప్పాడు. పాడింది తన చెల్లెలు. అప్పటికి దానికి పందొమ్మిదేళ్ళు. రికార్డు పంపిన దగ్గర్నుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం నలుగురూ రేడియో చుట్టూ చేరి, యువకుల కార్యక్రమం అయ్యేదాకా కదిలేవాళ్ళు కాదు. అలా ఏడు నెలలు. ఎనిమిదో నెలలో ఉత్తరం వచ్చింది. డ్రమ్ము వాయించేవాడు ఓడల్లో పనికి పోయాడు, నాలుగోవాడు చనిపోయాడు. చెల్లెలు నర్సు చదువుకి వెళ్ళింది. ఇప్పుడు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు.

"ఇప్పటికీ పాడతారా?" అని అడిగాడు ఈయన.

"దాని పిల్లల్ని నిద్రపుచ్చడానికి కూడా పాడలేదండీ. మేం ఆ పాట గురించి మాట్లాడుకోం."

ఆ ఉత్తరం నేనే రాశాను అన్న మాట ఈయనకి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. కళ్ళు బాగానే ఉన్నాయని, అద్దాలు అక్కర్లేదని చెప్పి కళ్ళజోళ్ళాయన గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

ఆసుపత్రికి వెళ్ళడానికి వారం రోజులు పట్టింది. రెండుసార్లు గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చేశాడు. మూడోసారి వార్డు బయట బల్ల మీద కూర్చుని కబురు పంపాడు. ఆవిడ చేతిలో కేసు కాగితాలతో వచ్చింది. పొడుగ్గా, కొంచెం వంగి, మాటలో పని తొందర ఉన్న మనిషి. పేషెంటు తాలూకు వాళ్ళా అని అడిగింది. కాదని, రేడియో స్టేషన్ నుంచి వచ్చానని, దొరికిన రికార్డు గురించి చెప్పాడు. ఆవిడ నిలబడే వింది. ఆ తర్వాత ఆయన అసలు సంగతి చెప్పాడు. పన్ను నొప్పి, దొంతి, పదకొండు ఉత్తరాలు, సంతకం. ఒక్కటీ దాచలేదు.

ఆవిడ బల్ల చివర కూర్చుంది. కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే మీరు వినలేదా?"

"లేదమ్మా."

"మీ ఆఫీసరు?"

"ఆయనా వినలేదు."

"ఎవరో ఒకరు విన్నారనుకున్నాను." ఆవిడ గొంతు పెంచలేదు. "సంగీతం తెలిసిన పెద్దవాళ్ళు ముగ్గురు కూర్చుని, మొత్తం విని, బాగోలేదన్నారనుకున్నాను. వాళ్ళ ముఖాలు కూడా ఊహించుకున్నానండీ. ఒకాయనకి తెల్లజుట్టు. పాపం ఆయనకి కాస్త నచ్చింది గానీ మిగతా ఇద్దరూ ఒప్పుకోలేదు అని."

ఆయన క్షమించమన్నాడు.

"క్షమించడానికేముంది, మీరూ చిన్నవాళ్ళే అప్పుడు. కానీ ఒక మాట చెప్పండి. మీరు ఇది నాకెందుకు చెప్పారు? విని బాగోలేదంటే నేను ఒప్పుకున్నాను. ఆ ఒప్పుకోలు మీదే ఇన్నేళ్ళు బతికాను. ఇప్పుడు దాన్నేం చేసుకోమంటారు?"

లోపల ఎవరో సిస్టర్ అని పిలిచారు. ఆవిడ లేచి వెళ్ళిపోయింది. ఆయన బల్ల మీద ఇంకో అరగంట కూర్చున్నాడు, వస్తుందేమోనని. రాలేదు. బరువు దించుకుందామని వచ్చి, దాన్ని తీసుకెళ్ళి ఆవిడ నెత్తిన పెట్టానని బస్సులో కూర్చున్నాక అర్థమైంది.

పది రోజుల తర్వాత రికార్డుల గదికి ఫోనొచ్చింది. ఆ గదికి ఫోను రావడమే అరుదు. ఆవిడే. ఉపోద్ఘాతం ఏమీ లేదు.

"మీకు నచ్చిందా?"

"నాలుగుసార్లు విన్నానమ్మా."

"అది కాదు అడిగింది."

"నచ్చింది," అన్నాడు. ఆ మాట అలా నేరుగా ఎవరితోనైనా అని ఎన్నాళ్ళయిందో ఆయనకి గుర్తులేదు.

"అయితే వెయ్యండి," అని పెట్టేసింది.

వెయ్యడం ఆయన చేతిలో లేదు. ప్రోగ్రాం ఆఫీసరు దగ్గరికి వెళ్ళాడు. కూతురి వయసున్న అమ్మాయి. బీరువా గారు ఏదో అడగడానికి వచ్చారనే ఆశ్చర్యంతోనే ఆమె సగం ఒప్పేసుకుంది. ఒక చెవికి హెడ్‌ఫోను పెట్టుకుని ఫైలు చూసుకుంటూ మొదలుపెట్టింది. పాట సగానికొచ్చేసరికి ఫైలు మూసి, రెండో చెవికి కూడా పెట్టుకుంది. బుధవారం మధ్యాహ్నం మూడుంపావుకి, వాతావరణ సూచనని నాలుగు నిమిషాలు వెనక్కి జరిపి వేద్దాం అంది.

ఆయన ఆసుపత్రికి ఫోన్ చేసి ఏ రోజు, ఎన్ని గంటలకో చెప్పి, స్టేషనుకి వచ్చి వినమన్నాడు. ఆవిడ వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. బుధవారం మూడు గంటలకి మామూలు చీరలో వచ్చింది. అన్నయ్యకి చెప్పారా అంటే, తన షాపులో వింటాడులెండి, పక్కపక్కన కూర్చుంటే ఇద్దరం వినలేం అంది.

గదిలో ఉన్న ఒక్క కుర్చీ ఆవిడకిచ్చి, పై అరలు అందుకోవడానికి వాడే ముక్కాలి పీట మీద ఆయన కూర్చున్నాడు. గోడ మీది స్పీకర్లో అనౌన్సరు బ్యాండు పేరు చెప్పింది, ఆ తర్వాత బరబర, లెక్క, తొందరపడ్డ డ్రమ్ము.

ఆవిడ కళ్ళు మూసుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వార్డులో కొత్త పేషెంటుని చూసినట్టు స్పీకరు వైపే చూస్తూ వింది. రెండో చరణం దగ్గర మాత్రం, "ఎంత భయపడుతోందో ఈ పిల్ల," అని మెల్లగా అంది. కాసేపాగి మళ్ళీ అంది. "గొంతులో పరిణతి లేదన్న మాట నిజమేనండీ. కానీ బాగుంది."

పాట అయిపోయింది. వాతావరణ సూచన మొదలైంది. అరగంట తర్వాత స్టేషనుకి ఒకే ఒక ఫోనొచ్చిందని పైనుంచి కబురొచ్చింది. వాతావరణం నాలుగు నిమిషాలు ఆలస్యంగా ఎందుకు చెప్పారని ఎవరో పెద్దాయన కోప్పడ్డాడట. ఆవిడ గట్టిగా నవ్వింది. నవ్వు మధ్యలో కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

రికార్డు ఆవిడకి ఇవ్వబోతే, మా అన్నయ్య అటక మీద ఇలాంటివి రెండు వందలున్నాయి, ఇది ఉంచండి అంది. బస్టాపు దాకా ఆయన కూడా నడిచాడు. దారిలో డ్రమ్ము వాయించే అతని గురించి చెప్పింది. ఏ ఊళ్ళో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేదో తెలియదట. మెట్ల పాట అతను రాసిందేనట. ఎవరి కోసమో మాత్రం చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆయనకి ఇంకేదో చెప్పాలని ఉంది. ఇంట్లో ఎవరున్నారని అడుగుతుందేమో, అడిగితే అమ్మ సంగతి చెబుదామనుకున్నాడు. ఆవిడ వాచీ చూసుకుంది, సాయంత్రం డ్యూటీ ఉందంది. బస్సొచ్చింది. జనం ఎక్కువగా ఉన్నారు. ఎక్కాక ఆవిడ అవతలి వైపుకి వెళ్ళిపోయింది, కిటికీలోంచి కనిపించలేదు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి వెనక్కొచ్చాడు.

తిరిగొచ్చేసరికి రికార్డుల గది తలుపులు బార్లా తీసి ఉన్నాయి. గది తీసుకోబోయే విభాగం వాళ్ళు కొలతలు తీసుకుని వెళ్ళారట. వెళ్తూ వెళ్తూ బల్ల, కుర్చీ పైఅంతస్తుకి చేరవేశారు. ప్లేయరు నేల మీద, గోడ వార పెట్టి ఉంది. ఆఫీసు వేళ ముగియడానికి ఇంకా గంటన్నర ఉంది. పీట మీద కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, అయిదున్నర అయ్యేదాకా అలాగే ఉన్నాడు.