నాలుగు వేళ్ళు కిందికి

రెండో వరద వచ్చిన ఏడు.

తడి ఇనుము వాసన.

నీళ్ళు దిగిపోయి నెలయినా గదిని వదలని వాసన... కడ్డీకి, బిళ్ళలకి, నా అరచేతులకి.

నా మనవరాలు బరువులెత్తుతుంది. మనిషి పొట్టి. పట్టు గట్టి. మరో పది రోజుల్లో ఎంపిక పోటీ. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది.

గది మూల ఒక ఏటవాలు బల్ల. మూటలు మోసిన రోజుల్లో నా నడుము కోసం నేనే కొట్టుకున్న బల్ల. దాని దిండు మీద బోర్లా వాలాలి. తల కిందికి దించాలి. మళ్ళీ పైకి లేవాలి. నడుము గట్టిపడుతుంది.

మడమలు బిగించే పట్టీని వరద పట్టుకుపోయింది. అప్పట్నుంచి పట్టీని నేనే.

ఆమె మడమలు నా గుప్పిళ్ళలో.

దిగేది. లేచేది. దిగేది. లేచేది.

"ఇంకా" అనేవాణ్ణి.

నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను. ఆ గదిలో నాకున్నది ఆ ఒక్క మాటే.

ఇంకా — విల్లులా వెనక్కి వంగేది.

ఇంకా — గుండెలకి ఇనుప బిళ్ళ హత్తుకుని వంగేది.

ఇంకా —

ఆ సాయంత్రం మడమలు ఒక్కసారిగా బిగుసుకున్నాయి. బిళ్ళ జారి నేల మీద గిరగిరా తిరిగింది. చాలాసేపు తిరిగింది.

"తాతా... నడుంలో ఏదో తీగ లాగినట్టుంది."

ఆమెకు ఆట నేర్పే మాస్టారు వచ్చారు. వీపంతా వేళ్ళతో నొక్కి చూశారు. తర్వాత బల్లని చూశారు.

"పెద్దాయనా, ఇది ఎవరి కొలతకి కొట్టారు?"

"నా కొలతకి."

"బాగుంది. మీరేమో నిచ్చెన, ఈ పిల్లేమో ముక్కాలిపీట. దిండు బొడ్డు దగ్గర తగులుతోంది. తుంటి దగ్గర వంగాల్సింది నడుం దగ్గర మడత పడుతోంది. పైగా వెనక్కి వంచుతారా? ఒళ్ళు తిన్నగా వచ్చిందా, ఆగాలి. అంతే."

"తాతనేం అనకండి మాస్టారూ. నేనే ఎక్కువ చేశా."

ఆ మాట నా నడుములో దిగింది.

"రేపు పొద్దున బిళ్ళ లేకుండా ఒక్కసారి లేవనివ్వండి. నొప్పి లేదా, పోటీకి వెళ్తుంది. ఉందా..."



తెల్లారి, ఆమె రాకముందే, దిండు బోల్టులు పట్టుకున్నాను. తుప్పు. కదల్లేదు. నూనె పోశాను. ఊపిరి బిగబట్టి తిప్పాను. కదిలాయి.

నాలుగు వేళ్ళు కిందికి కొత్త కన్నాలు తొలిచాను. దిండు దించి బిగించాను. ఊపి చూశాను. మళ్ళీ బిగించాను.

ఆమె వచ్చింది. దిండు వంక చూసింది. నా వంక చూసింది.

వాలింది.

మడమలు పట్టుకున్నాను.

తల దించింది. జడ నేలని తాకింది... ఆగింది.



ఆ ఒక్క మాట నోటి దాకా వచ్చింది. మింగేశాను.

నడుం మడత పడకుండా ఆమె లేస్తోంది —

తడి ఇనుము వాసన.