కింద పెరిగే అంకె

ఆల్టరేషన్ షాపులో కుట్టు మిషన్లు ఆగేది మధ్యాహ్నం భోజనాల వేళ మాత్రమే. ఆమె ఒక చేత్తో తింటూ రెండో చేత్తో ఫోను చూస్తోంది. కటింగ్ మాస్టరు కత్తెర పక్కన పెట్టి తొంగి చూశాడు.

"మళ్ళీ ఆ బ్లాగేనా? ఎవరింట్లోనో పాలు పొంగిపోయాయట, ఎవరిదో కిటికీ పట్టేసిందట. చదివితే నీకు ఒరిగేదేంటమ్మా?"

"మీరు పేపర్లో రాశిఫలాలు చదవట్లేదా బాబాయ్?"

"అందులో నా గురించి ఉంటుంది. ఇందులో నీ గురించి ఏముంది?"

ఆమె నవ్వింది. ఆ పాలు పొంగింది ఇప్పుడు తను రోజూ వెలిగించే పొయ్యి మీదేనని, ఆ రాతలు తన భర్త మొదటి భార్యవని, ఆవిడ పోయి రెండేళ్ళు దాటిందని అతనికి ఎలా చెబుతుంది?

పెళ్ళయిన కొత్తలో భర్త ఒకసారి అన్నాడు. "తను కంప్యూటర్లో ఏదో రాస్తూ ఉండేది. ఇంటి సంగతులు. నేనెప్పుడూ చూడలేదు. బ్లాగులంటే పనీపాటా లేనివాళ్ళ యవ్వారం." ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. ఆమె వెతికి పట్టుకుంది.

అది అసూయ కాదు. ఆమె పని తీరే అంత. ఎవరైనా పాత బట్ట తెస్తే వెంటనే కత్తెర వేయదు. ముందు కుట్లు విప్పి, మొదట కుట్టిన చెయ్యి ఎటు నుంచి ఎటు వెళ్ళిందో చూస్తుంది. వీలైనంతవరకు ఆ పాత సూది రంధ్రాల్లోంచే దారం పోనిస్తుంది. అప్పుడు బట్ట మీద మచ్చ కనిపించదు. ఇంటిని కూడా అలాగే కుట్టబోయింది. వంటింటి కిటికీని కొంచెం పైకెత్తి నెడితేనే పడుతుందని, స్నానాల గది కుళాయి చివర్లో వెనక్కి తిప్పితేనే కారడం ఆగుతుందని అందులోనే చదివింది. ఆ మొదటావిడ కూతురు పాపకు జడ వేసేటప్పుడు చిక్కు కింది నుంచి తీయాలని, ఎడమ చెవి వెనక మెల్లగా దువ్వాలని కూడా.

అత్తగారు ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. "ఆ కిటికీ అలా వేయాలని నీకెవరు చెప్పారు అమ్మాయ్?"

"ఎవరూ చెప్పలేదండీ. అదే అలవాటైపోయింది."

ఆ రోజు నుంచి ఆమె వంటింట్లో ఉన్నప్పుడు అత్తగారు లోపలికి రావడం తగ్గించింది.

పాప మాత్రం దగ్గరైంది. మొదట్లో "పిన్నీ" అని పిలవడానికి కూడా పెదవి విప్పనిది, రానురాను పొద్దున్నే దువ్వెన పట్టుకుని వచ్చి వీపు తిప్పి కూర్చునేది. ఎడమ పక్క దువ్వుతున్నప్పుడు ఊపిరి బిగబట్టి ఏదో వింటున్నట్టు ఉండేది. ఒక్కోసారి ఎవరూ లేని వంటింట్లోంచి పాప గుసగుసలు వినిపించేవి. వెళ్ళి చూస్తే కిటికీ రెక్క మీద చెయ్యి వేసి నిలబడి ఉండేది.

"ఎవరితోనే మాట్లాడుతున్నావ్?"

"పాఠం అప్పజెప్పుకుంటున్నా."

ఆ వారంలోనే షాపులో బ్లాగు తెరిస్తే, కిటికీ గురించిన పాత రాత కింద కొత్త వ్యాఖ్య ఒకటి కనబడింది. పేరు లేదు.

"అమ్మా, నువ్వు రోజూ వస్తున్నావని నాకు తెలుసు. నానమ్మ ఫోన్లో నేను రోజుకు ఒక్కసారే తెరుస్తాను. కింద అంకె మాత్రం ఎక్కువ పెరుగుతోంది. ఎప్పటినుంచో చూస్తున్నా. పిన్ని జడ వేస్తుంటే అచ్చం నువ్వే చెబుతున్నట్టు ఉంటుంది. ఒక్క మాట రాయవా?"

పేజీ అడుగున, ఎన్నిసార్లు తెరిచారో చెప్పే ఆ చిన్న అంకెను ఆమె ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు దాన్ని చూస్తే వీపు వెనక ఎవరో నిలబడినట్టు అనిపించింది. మిషన్ ముందు కూర్చుంది గానీ సూదిలో దారం ఎక్కలేదు. జవాబు రాసే గడి ఖాళీగా ఉంది. ఒక్క మాట చాలు. పిల్ల ఎంత సంతోషిస్తుందో. ఆ మాట తర్వాత ఇంకో మాట అడుగుతుంది. ఆ తర్వాత?

రాయలేదు. ఇక తెరవకూడదనుకుంది. అంకె ఆగితే పిల్ల మెల్లగా మర్చిపోతుందనుకుంది.

కొన్నాళ్ళకు పాప దువ్వెన తీసుకుని రావడం మానేసింది. ఆమె పిలిస్తే, "నేనే వేసుకుంటా," అని వంకర పాపిడితో బడికి పోయింది. అన్నం కెలికి వదిలేస్తోంది. అత్తగారు కంచం తీస్తూ, "పిల్లకి దిష్టో, భయమో," అని గొణిగింది. భర్త, "పిల్లలన్నాక అలకలుంటాయి లేవే," అని ఫోను తీసుకుని అరుగు మీదకు వెళ్ళాడు.

ఆమె ఆగలేక బ్లాగు తెరిచింది. కొత్త వ్యాఖ్య ఉంది.

"ఇప్పుడు తక్కువ పెరుగుతోంది. కోపం వచ్చిందా అమ్మా? పిన్ని చేత జడ వేయించుకున్నందుకేనా? ఇక వేయించుకోను. మళ్ళీ రా."

ఆ రోజు పని మధ్యలో లేచింది. "ఒంట్లో బాగాలేదా?" అన్నాడు మాస్టరు. "ఇంట్లో ఒక కుట్టు విప్పాలి బాబాయ్," అని సంచి తగిలించుకుంది.

పాప బడి నుంచి వచ్చి వంటింట్లో నీళ్ళు తాగుతోంది. ఆమె పక్కన కూర్చుని ఫోను ఇద్దరి మధ్యా పెట్టి బ్లాగు తెరిచింది. అంకె ఒకటి పెరిగింది. మూసి మళ్ళీ తెరిచింది. ఇంకొకటి పెరిగింది.

పాప అంకెనే చూస్తూ ఉండిపోయింది. గ్లాసు పక్కకు ఒరిగి నీళ్ళు ఒలికినా తీయలేదు.

"నువ్వా?"

"నేనే. రోజూ మధ్యాహ్నం షాపులో."

"ఎందుకు చదివావ్? అది మా అమ్మది."

"ఈ ఇంట్లో ఏది ఎలా ఉంటుందో నాకెవరూ చెప్పలేదురా. మీ అమ్మే చెప్పింది."

పాప ఏడవలేదు. గోడ వైపు తిరిగి కూర్చుంది. తలుపు దగ్గర అత్తగారి చీర చెంగు కనిపించి మళ్ళీ కనుమరుగైంది. చివరికి పాప గోడతో అన్నట్టే అంది.

"నువ్వు రాకముందు కూడా పెరిగేది పిన్నీ."

"ఏంటి?"

"నాన్నకి నీతో పెళ్ళి కాకముందు. అప్పుడు కూడా నేను ఒక్కసారే చూసేదాన్ని. అప్పుడూ ఎక్కువే పెరిగేది."

దారిన పోయేవాళ్ళెవరో చదివి ఉంటారనొచ్చు. అది అబద్ధం కాకపోవచ్చు కూడా. కానీ తెలియని దాన్ని తెలిసినట్టు చెప్పి ఈ ఒక్క నిజాన్ని పాడుచేయబుద్ధి కాలేదు.

"నాకు తెలీదు," అంది. "రేపు మనిద్దరం తెరవొద్దు. ఎల్లుండి పొద్దున కలిసి చూద్దాం."

"ఒట్టు?"

"ఒట్టు."

పాప ఆ అంకెను అరచేతి మీద పెన్నుతో రాసుకుంది. మర్నాడు చేతులు కడుక్కున్నాక చెరిగిపోకుండా మళ్ళీ దిద్దుకుంది. షాపులో ఆమె ఫోను సంచిలోంచి తీయనే లేదు. "బ్లాగు అయిపోయిందా?" అన్నాడు మాస్టరు. "ఇంకా కాలేదు," అంది.

ఆ మరుసటి పొద్దున ముందు గదిలో భర్త డ్యూటీకి బయల్దేరుతూ బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. అతని ఫోను పక్కన బోర్లించి ఉంది. వంటింట్లో పాప తన అరచేయి చాపింది. ఆమె బ్లాగు తెరిచింది.

వాళ్ళు ఇప్పుడు తెరిచిన ఒక్కసారిని తీసేసినా, అరచేతిలో రాసుకున్నదానికంటే అంకె పెరిగింది.

పాప ముఖం ఎత్తి ముందుగది వైపు చూసింది, ఆ తర్వాత వేసి ఉన్న కిటికీ వైపు. "నాన్నని అడగనా?" అంది, పెదవులు మాత్రమే కదిలేలా.

"వద్దు."

"ఏంటా గుసగుసలు?" ముందుగదిలోంచి అతని గొంతు.

"ఏం లేదు నాన్నా," అంది పాప.

తర్వాత వెళ్ళి దువ్వెన తెచ్చింది. కూర్చుంది గానీ వీపు పూర్తిగా తిప్పలేదు, కిటికీ కనబడేలా పక్కకు కూర్చుంది. ఆమె చిక్కు కింది నుంచి తీయడం మొదలుపెట్టింది. ఎడమ పక్కకు వచ్చేసరికి ఆమె చెయ్యి తనంతట తానే మెల్లబడింది. ఆ మెల్లదనం ఎవరిదో ఇద్దరికీ తెలుసు.